ఓడ మీద ప్రతి తాడుకూ ఒక పేరుంది

2025 డిసెంబర్ 29న గుజరాత్‌లోని పోర్‌బందర్ నుంచి బయలుదేరిన ‘ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య’ 2026 జనవరి 14న ఒమన్‌లోని మస్కట్ చేరింది. ఆ ఓడకు ఇంజన్ లేదు. పలకలను పట్టి ఉంచే మేకులూ లేవు. అజంతా గుహల్లోని ఒక ఓడ చిత్రాన్ని ఆధారం చేసుకుని, పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టి కట్టిన నౌక అది. తెరచాపలతో గాలిని పట్టుకుని, పెద్ద తెడ్ల వంటి చుక్కానులతో దారి మళ్లించుకుంటూ మన నావికులు అరేబియా సముద్రాన్ని దాటారు.

క్షిపణులు, డ్రోన్లు, జలాంతర్గాముల కాలంలో నౌకాదళం తెరచాప ఓడ మీద ఇంత శ్రద్ధ పెట్టడం దేనికన్న సందేహం సహజం. ప్రాచీన వైభవాన్ని చాటడానికేనని సరిపెట్టుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది. తెరచాప ఓడ ఎక్కినవాడు మొట్టమొదట నేర్చుకునేది మాటలు. ఏ భాగాన్ని ఏ పేరుతో పిలవాలి, ఆ పేరు చెవిన పడగానే ఏ చెయ్యి ఎటు కదలాలి అన్నది తెలియనిదే ఆ ఓడ అంగుళం కదలదు. సముద్ర భద్రతకు నేటికీ ఇదే పునాది. మన తెలుగు తీరంలో ఈ పునాదిని ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఆజ్ఞకు ఒకే అర్థం

కొచ్చి కేంద్రంగా పనిచేసే శిక్షణ నౌక ‘ఐఎన్‌ఎస్ తరంగిణి’నే తీసుకుందాం. గోవా షిప్‌యార్డ్ నిర్మించిన ఈ ఓడ 1997 నవంబర్‌లో నౌకాదళంలో చేరింది. 2003-04లో భూగోళాన్ని చుట్టివచ్చిన తొలి భారత నౌకాదళ ఓడ ఇదే. దీనికి మూడు కొయ్యలు, 20 తెరచాపలు. ముందు కొయ్యకు, నడిమి కొయ్యకు అడ్డదూలాలు కట్టి, వాటి నుంచి నలుపలకల చాపలను వేలాడదీస్తారు. వెనుక కొయ్యకు మాత్రం ఓడ పొడవు వెంబడి సాగే చాపలుంటాయి. ఈ అమరికను బట్టే దీన్ని ‘బార్క్’ తరహా ఓడ అంటారు. 2012లో చేరిన ‘ఐఎన్‌ఎస్ సుదర్శిని’దీ ఇదే పోలిక.

ఒడ్డున నిలబడి చూసేవారికి అక్కడున్నవన్నీ తాళ్లే. ఓడ మీద పనిచేసేవారికి ‘తాడు’ అన్న మాటతో పని జరగదు. కొయ్యను ముందుకూ వెనక్కూ ఒరగకుండా లాగిపట్టేది ‘స్టే’. పక్కలకు పడిపోకుండా రెండు వైపులా బిగించి ఉంచేది ‘ష్రౌడ్’. ఇవి ఎప్పుడూ బిగువుగానే ఉండాలి, వదులైతే కొయ్యకే ముప్పు. చాపను పైకెత్తేది ‘హాల్యార్డ్’. అడ్డదూలాన్ని గాలివాటానికి తగ్గట్టు తిప్పేది ‘బ్రేస్’. చాప కింది మూలను పట్టుకుని బిగించేది, వదిలేది ‘షీట్’. ఇంగ్లిషు బాగా వచ్చినవారు కూడా షీట్ అంటే చాప గుడ్డ అనుకుంటారు. ఓడ మీద అది తాడు. ఈదురుగాలి ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు షీట్‌ను వదిలితే చాపలోని గాలి జారిపోయి ఓడ నిలదొక్కుకుంటుంది. కంగారులో షీట్‌కు బదులు హాల్యార్డ్‌ను వదిలేస్తే పైనున్న చాప కిందనున్న మనుషుల మీదికి దిగుతుంది. రెండూ తాళ్లే. పేరు తెలియకపోతే ప్రాణాపాయం.

సైనికుడికి ఇందులో వింతేమీ లేదు. రంగరూటు చేత కాల్పులు జరిపించే ముందు తుపాకీని విప్పించి, ప్రతి భాగం పేరూ కంఠతా పట్టిస్తారు. చీకట్లో, హోరులో, భయంలో ‘అదిగో, ఆ పక్కనున్నది’ అని చెప్పే వ్యవధి ఉండదు. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో సైన్యానికి వెళ్లబోయే క్యాడెట్లు కూడా పీకాక్ బే జలాల్లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటారు. ఆజ్ఞకూ చేతకూ మధ్య మాట ఎంత సూటిగా ఉండాలో ఆ నీళ్ల మీద తెలిసినంతగా కవాతు మైదానంలో తెలియదు.

మాట సూటిగా లేకపోతే దాన్ని మార్చడానికీ వెనుకాడకూడదు. ఇంగ్లిషు నావికులు ఓడ కుడి పక్కను ‘స్టార్‌బోర్డ్’ అనీ, ఎడమ పక్కను ‘లార్‌బోర్డ్’ అనీ పిలిచేవారు. పాతకాలపు ఓడల్లో దారి తిప్పే తెడ్డు కుడి పక్కన ఉండేది గనుక స్టార్‌బోర్డ్ అన్న పేరు వచ్చింది. గాలి హోరులో ఈ రెండు మాటలూ ఒకేలా వినిపించేవి. దాంతో 1844లో బ్రిటిష్ నౌకాదళం ‘లార్‌బోర్డ్’ను పక్కనపెట్టి ‘పోర్ట్’ను ఖాయం చేసింది. తరతరాల అలవాటు కన్నా స్పష్టత ముఖ్యమని తేల్చింది. అంతర్జాతీయ సముద్ర సంస్థ 2001లో ఓడల మధ్య సంభాషణకు ప్రామాణిక వాక్యాలను ఆమోదించడం వెనుకా ఈ ఆలోచనే ఉంది.

సరైన మాట ఎంత పని చేస్తుందో 2018 సెప్టెంబర్‌లో చూశాం. గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో ఒంటరిగా సాగుతున్న కమాండర్ అభిలాష్ టోమీ పడవ ‘తురీయ’ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కి దొర్లిపోయింది. ఆయన పంపిన సందేశం నాలుగు ముక్కలే: పడవ దొర్లింది, కొయ్య విరిగింది, వెన్నుకు తీవ్ర గాయమైంది, లేవలేను. కొయ్య విరిగిందన్న ఒక్క ముక్కతో రక్షణ బృందాలకు కావలసింది తెలిసిపోయింది. ఆ పడవ ఇక తనంతట తాను ఎక్కడికీ పోలేదు, మనమే దాని దగ్గరకు వెళ్లాలి. మన నౌకాదళ పి-8ఐ విమానం పడవను గుర్తించింది. ఫ్రెంచి నౌక ‘ఒసిరిస్’ సెప్టెంబర్ 24న ఆయనను రక్షించింది. తర్వాత ‘ఐఎన్‌ఎస్ సాత్పురా’ ఆయనను విశాఖపట్నం చేర్చింది.

పదాతిదళ అధికారి కూర్చిన ఓడ నిఘంటువు

ఈ మాటల చరిత్రలో ఒక పదాతిదళ అధికారికీ చోటుంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో తూర్పు సముద్రాల్లో తిరిగే ఓడల మీద ఆజ్ఞలిచ్చేది ఇంగ్లిషువారు, తాళ్లు లాగేది ఎక్కువగా లాస్కర్లు అని పిలిచే ఆసియా నావికులు. ఒకరి మాట మరొకరికి అర్థం కాకపోతే ఓడే మునుగుతుంది. మద్రాసు సైన్యంలో పదాతిదళ అధికారి అయిన థామస్ రోబక్ ఈ అవసరాన్ని గుర్తించి, ఓడ భాగాల పేర్లు, నావికుల వాడుక మాటలు, ఓడ నడిపే ఆజ్ఞలతో ఇంగ్లిషు-హిందుస్తానీ నౌకా నిఘంటువును 1811లో కలకత్తాలో వెలువరించాడు. దాన్ని జార్జి స్మాల్ సవరించి 1882లో లస్కరీ నిఘంటువుగా మళ్లీ ప్రచురించాడు. అందులోని భాష ఏ పండితుడూ కల్పించినది కాదు. హిందుస్తానీ, అరబ్బీ, పారశీకం, పోర్చుగీసు, ఇంగ్లిషు ఓడ మీద కలిసి పనిచేస్తూ పుట్టించిన భాష. ముందు కొయ్యను లాస్కర్లు ‘త్రికట్’ అనేవారు. అది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట.

మనం రోజూ వాడే కొన్ని తెలుగు మాటలదీ ఆ వంశమే. ‘చుక్కాని’కి మూలం అరబ్బీ ‘సుక్కాన్’. ‘లంగరు’ పారశీకం. మన రేవుల్లో పడవ నడిపించేవాడిని ‘సరంగు’ అంటాం. ఆ మాట పుట్టిన పారశీకంలో ‘సర్‌హంగ్’ అంటే దళనాయకుడు, నేటి ఇరాన్ సైన్యంలో అది కల్నల్ హోదా. ‘లష్కర్’ అంటే సేన. సేన నుంచి అది ఓడ ఎక్కి లాస్కర్ అయింది. ఓడ దిగి గోదావరి కాలువ గట్ల మీద నీటిపారుదల శాఖ లస్కరుగా స్థిరపడింది.

అరువు మాటలకు ముందే మన నేలకు సొంత మాటలున్నాయి. అమరకోశం ఓడ కొయ్యను ‘గుణవృక్షం’ అంటుంది. గుణమంటే తాడు, తాళ్లు కట్టే చెట్టు అన్నమాట. స్టేలు, ష్రౌడ్లు, హాల్యార్డులు అన్నీ వచ్చి చేరేది ఆ చెట్టుకే. తెలుగు ‘తెరచాప’లో తెరా ఉంది, చాపా ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ నేటికీ కనిపిస్తుంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం, ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును రాజు లాక్కోకుండా, సుంకం మాత్రమే తీసుకుని వర్తకుడికి వదిలిపెడతామని భరోసా ఇచ్చింది. కౌండిన్యలో చూసి ఆశ్చర్యపోయిన కుట్టు విద్య కూడా కోరమాండల్ తీరానికి పరాయిది కాదు. మేకులు లేకుండా పీచు తాడుతో కుట్టిన మసూలా పడవలు అలల పోటుకు పగలకుండా వంగి, రేవు లేని మద్రాసులో ఓడలకూ ఒడ్డుకూ మధ్య మనుషులను, సరుకును మోసేవి. గోదావరి ముఖాన ఉన్న కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరు పొందింది. 1839 నవంబర్ తుపాను దాన్ని దెబ్బతీసినా పక్కనే తాళ్లరేవులో చెక్క ఓడల పని కొనసాగింది.

తర్వాత ఇంజన్ వచ్చింది. చాప పోయింది. చాప పోయాక దాన్ని ఎత్తే మోకు, దింపే మోకు, తిప్పే మోకు పేర్లతో ఎవరికీ అవసరం లేకపోయింది. ఆ పేర్లు నేడు కొద్దిమంది ముసలి సరంగుల, వడ్రంగుల నోళ్లలో మాత్రమే మిగిలాయి.

తీర భద్రతకు తెలుగు మాట

పాత మాటలు పోతే దేశ భద్రతకు వచ్చిన నష్టమేమిటని అడగవచ్చు. 2008 నవంబర్ 26ను గుర్తు చేసుకుందాం. ముంబయిపై దాడికి వచ్చిన పది మంది ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే గుజరాత్ చేపల పడవను సముద్రంలో చేజిక్కించుకుని దాని మీదే వచ్చారు. చూసేవారికి అది మన పడవే. ఆ దాడి తర్వాత మత్స్యకారులే తీరానికి కళ్లూ చెవులూ అన్న సూత్రం మీద కొత్త తీర భద్రతా వ్యవస్థ రూపుదిద్దుకుంది. మెరైన్ పోలీస్ స్టేషన్లు వచ్చాయి. రాష్ట్రానికో రంగు చొప్పున పడవలకు రంగులు నిర్ణయించారు. అనుమానం వస్తే చెప్పడానికి తీర పోలీసుల 1093, కోస్ట్‌గార్డ్ 1554 నంబర్లు ఏర్పడ్డాయి.

కళ్లు చూసినదాన్ని నోరు చెప్పాలి, చెప్పినదాన్ని అవతలి చెవి పోల్చుకోవాలి. రంగు వేసుకోవడం ఎవరికైనా తేలికే. పడవ ముక్కు ఎంత లేచి ఉంది, వెనుక భాగం గుండ్రమా పలకా, కొయ్య ఎక్కడ నాటారు, చుక్కాని లోపలుందా బయటుందా అన్న సంగతులు మాత్రం దాని పుట్టుకను పట్టిస్తాయి. అర కిలోమీటరు దూరం నుంచి ఇది మన వడ్రంగి పని కాదని పోల్చగల మత్స్యకారులు మన తీరంలో ఉన్నారు. అతను చెప్పే మాట మాత్రం ఊరి మాట. మలయాళ జాలరికి పడవ ముందు భాగం ‘అణియం’, వెనుక భాగం ‘అమరం’. ఉత్తరాంధ్ర జాలరి మాట వేరు, తమిళం కలిసిన నెల్లూరు పట్టపువారి మాట వేరు. ఫోన్ అందుకునేది అనంతపురం కానిస్టేబుల్ కావచ్చు, హరియాణా నావికుడు కావచ్చు. మధ్యలో మాట జారిపోతే ఆ సమాచారం ‘ఏదో అనుమానాస్పద పడవ’గా మిగిలిపోతుంది. గస్తీ నౌక దేనికోసం వెతకాలి?

యుద్ధనౌక మీద ఇంగ్లిషు స్థానంలో తెలుగు పెట్టాలని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఓడ మీద ఒకే భాష ఉండాలి, అది ఉంది. ‘తారిణి’ మీద 2017-18లో భూమిని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు. వారు పని చేసిన భాష ఇంగ్లిషే, అలాగే ఉండాలి. లోటంతా ఓడకూ ఒడ్డుకూ మధ్య ఉంది. రోబక్ 1811లో కట్టిన వంతెన వంటిది తెలుగు తీరానికి నేడు కావాలి.

అందుకు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరంలో వాడుకలో ఉన్న ప్రతి రకం పడవకూ బొమ్మ గీయించాలి. ప్రతి భాగానికీ అంకె వేసి, దానికి అక్కడి మత్స్యకారులు, వడ్రంగులు ఏ పేరు వాడతారో వారి గొంతుతోనే రికార్డు చేయాలి. విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్, కోస్ట్‌గార్డ్, మత్స్యశాఖ, ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి కూర్చుంటే ఇది సాధ్యం. ఆ సామగ్రి నుంచి జేబులో పట్టే బొమ్మల పుస్తకం తయారు చేసి, ఒకే అంకె ఎదుట ఊరి మాట, ఇంగ్లిషు మాట, హిందీ మాట ముద్రించి ప్రతి మెరైన్ స్టేషన్‌కూ, గస్తీ పడవకూ, మత్స్యకార సంఘానికీ ఇవ్వాలి. తీర పోలీసుల శిక్షణలో దాన్ని పరీక్ష పెట్టే పాఠంగా చేర్చాలి. తీర భద్రతా విన్యాసాల్లో మత్స్యకారుడు తెలుగులో చెప్పిన వర్ణన నియంత్రణ గదికి ఎంతవరకు సరిగా చేరిందో కూడా కొలవాలి.

ఒక గస్తీ పడవ ధరతో పోలిస్తే ఈ ఖర్చు లెక్కలోకి రాదు. గడువు మాత్రం తక్కువ. తెరచాప ఎత్తిన చేతులు ఇప్పుడు ముసలివయ్యాయి. వచ్చే బడ్జెట్ దాకా ఆగకుండా ఈ చేపల నిషేధ కాలంలోనే, పడవలన్నీ ఒడ్డున ఉండి సరంగులు ఇంటి పట్టున ఉండే ఆ రెండు నెలల్లోనే ఈ పని మొదలుపెట్టాలి.