పాత కారు కొంటున్నారా? సీటు బెల్టు లాగి చూడండి!

కారు బేరం మగవాళ్ల పనని మనం పక్కకు తప్పుకుంటాం. కానీ ముక్కిన బియ్యం వాసన పట్టే ముక్కు మనదే కదా! ఇక్కడ అదే పనికొస్తుంది.

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మంలో లోతట్టు కాలనీలను ముంచెత్తింది. నీట మునిగిన కారును కడిగి పాలిష్ పెడితే పైకి ఏమీ తెలీదు.

అద్దాలు మూసి పది నిమిషాలాగి తలుపు తీయండి. ముక్క వాసనొచ్చినా, గుప్పున సెంటు కొట్టినా అనుమానించాల్సిందే. సీటు బెల్టు కొసదాకా లాగి, బురద చార ఉందేమో చూడండి. మ్యాట్ల కింద, డిక్కీలో స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందేమో వేలితో తడమండి.

తర్వాత మీకు నమ్మకమున్న మెకానిక్‌కి చూపించండి. అమ్మేవాళ్లు చెప్పిన మనిషికి మాత్రం వద్దు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ఇన్సూరెన్స్ క్లెయిములేమైనా ఉన్నాయేమో అడగండి. అబ్బాయి మోజుపడ్డ స్పీడు బండైతే ఈ పరీక్ష మరీ ముఖ్యం.

నీళ్లు తాగిన వైర్లు కొన్ని నెలలకు చిలుమెక్కుతాయి. పాల్వంచ దాటాక అడవి దారిలో, చీకట్లో లైట్లారిపోతే పిల్లలతో ఏం చేస్తాం? మెకానిక్‌కిచ్చే డబ్బు దండగ కాదమ్మా!