కిడ్నాప్ వేరు, బందీల సంక్షోభం వేరు: తొలి గంటల్లోనే తేలాల్సిన తేడా

వైశాలి (ఘజియాబాద్): 2016 ఫిబ్రవరి 10 రాత్రి వైశాలి మెట్రో స్టేషన్ వద్ద షేర్ ఆటో ఎక్కిన ఓ యువ ఉద్యోగిని ఇంటికి చేరలేదు. ఆమె ఫోన్ మూగబోయింది. డబ్బు కావాలంటూ కుటుంబానికి ఎవరూ ఫోన్ చేయలేదు. ఫిబ్రవరి 12న ఆమె క్షేమంగా తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఐదుగురిని అరెస్టు చేసిన పోలీసులు, ప్రధాన నిందితుడు ఏడాదికి పైగా ఆమెను రహస్యంగా వెంబడించాడని, డబ్బు కోసం చేసిన నేరం కాదని వెల్లడించారు.

అదే ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లాలో 2020 జనవరి 30న మరో తరహా ఘటన జరిగింది. పుట్టినరోజు వేడుక పేరుతో పిలిచిన 20 మందికి పైగా చిన్నారులను ఓ హత్య కేసు నిందితుడు తన ఇంట్లోనే నిర్బంధించాడు. అతడెవరో, పిల్లలు ఎక్కడున్నారో పోలీసులకు తొలి నుంచే తెలుసు. గంటల తరబడి సంప్రదింపులు సాగాయి. అర్ధరాత్రి దాటాక నిందితుడు హతమయ్యాడు. చిన్నారులంతా క్షేమంగా బయటపడ్డారు.

రెండింటిలోనూ స్వేచ్ఛను హరించడమే నేరం. అయితే ఒకచోట బాధితురాలి ఆచూకీయే తెలియదు. మరోచోట చిరునామా తెలిసినా లోపలికి వెళ్లే దారి లేదు. ఈ తేడాయే పోలీసుల వ్యూహాన్ని నిర్ణయిస్తుంది.

కిడ్నాప్‌లో కాలం నేరస్థుడి పక్షాన ఉంటుంది. గడిచే ప్రతి గంటకూ గాలించాల్సిన పరిధి పెరుగుతుంది. అందుకే సీసీటీవీ దృశ్యాలు, ఫోన్ సంకేతాలు, వాహనాల వివరాల సేకరణ వెంటనే మొదలుకావాలి. దర్యాప్తు గోప్యంగా సాగాలి. బాధితుల ఆచూకీ తెలిసిన బందీల సంక్షోభంలో మాత్రం కాలం సాధారణంగా పోలీసులకే తోడ్పడుతుంది. చుట్టూ వలయం ఏర్పడ్డాక నిందితుడు తప్పించుకోలేడు. ఆవేశం చల్లారే కొద్దీ మాటలకు అవకాశం పెరుగుతుంది. సాయుధ చర్య చివరి అస్త్రం మాత్రమే. ఆ వలయం జనాన్ని కూడా అదుపు చేయాలి. ఫరూఖాబాద్‌లో నిందితుడి భార్య గ్రామస్థుల దాడిలో గాయపడి మరణించడం ఇందుకు హెచ్చరిక.

ఈ రెండూ కలిసిపోయే సందర్భాలు మరింత జటిలం. 2011 ఫిబ్రవరి 16న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కలెక్టర్, తెలుగువారైన ఆర్.వినీల్ కృష్ణను మావోయిస్టులు అపహరించారు. దాచిన చోటు తెలియదు కనుక అది కిడ్నాప్. ప్రభుత్వం ముందు డిమాండ్లు ఉంచారు కనుక ఆయన బందీ. గాలింపు తీవ్రం చేస్తే బందీ ప్రాణానికే ముప్పు. ప్రొఫెసర్ జి.హరగోపాల్ తదితరుల మధ్యవర్తిత్వంతో ఫిబ్రవరి 24న ఆయన విడుదలయ్యారు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు వద్ద ఎస్.ఆర్.శంకరన్ సహా పలువురు ఐఏఎస్ అధికారులను నక్సలైట్లు పట్టుకున్నప్పుడు కూడా, జైల్లో ఉన్న వారి సహచరుల విడుదలతోనే ఆ సంక్షోభం ముగిసింది. ప్రాణాలు దక్కినా, ఇలాంటి ఒప్పందాలు మరిన్ని అపహరణలకు ఊతమిస్తాయన్న వాదన నేటికీ ఉంది.

అంతర్జాతీయంగా 1979 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం, నిర్బంధితుడికి హాని చేస్తామని బెదిరించి మూడో పక్షాన్ని లొంగదీయడమే బందీ నేరానికి మూలం. భారత శిక్షాస్మృతిలో 1993లో చేర్చిన 364ఏ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 140(2) సెక్షన్ ఈ రెండు నేరాలనూ ఒకేచోట చేర్చాయి. ఆ సెక్షన్ వర్తించాలంటే అపహరణ ఒక్కటే చాలదు. హైదరాబాద్‌లో పాఠశాల విద్యార్థిని ఆటో డ్రైవర్ అపహరించిన కేసులో 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. చంపుతామన్న, గాయపరుస్తామన్న బెదిరింపు రుజువు కాలేదంటూ జీవిత ఖైదును రద్దు చేసి, సాధారణ కిడ్నాప్ నేరానికి ఏడేళ్ల శిక్ష విధించింది.

న్యాయస్థానంలో నేరాన్ని తేల్చే ఆ బెదిరింపు కోసం క్షేత్రస్థాయిలో ఎదురుచూడకూడదు. వైశాలి ఘటనలో అది రానే లేదు. డబ్బు అడగలేదు కనుక అపహరణ కాదనుకోవడం, తెల్లవారేదాకా చూద్దామనుకోవడం ప్రమాదకరం. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హరియాణా సరిహద్దులు కలిసే రాజధాని ప్రాంతంలో వాహనం స్వల్ప వ్యవధిలోనే మరో రాష్ట్ర పోలీసుల పరిధిలోకి వెళ్లిపోగలదు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదుకు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. 112కు తక్షణం ఫోన్ చేయడం కుటుంబం బాధ్యత. పరిధి ఎవరిదన్న ప్రశ్నను పక్కనపెట్టి గాలింపు మొదలుపెట్టడం పోలీసుల బాధ్యత.