నల్లాయిలు నా దగ్గర అడగొద్దు

ఎర్రగుంట్ల రోడ్డు మీద మా మెకానిక్ షెడ్డుకు రోజూ ఒకరిద్దరైనా ఖాళీ సీసా పట్టుకుని వస్తారు. "అన్నా, రవంత నల్లాయిలు ఉంటే పోయన్నా" అంటారు. ఒకరింట్లో వాకిలి చెక్కకు చెదలు పట్టి ఉంటాయి. ఒకరి ఎద్దుకు మెడ మీద కాడి పుండు. సెంట్రింగ్ పనివాళ్లు పలకలకు పూయడానికి అడుగుతారు. ముప్పై ఏళ్లు అడిగినవాళ్లందరికీ పోశాను. ఇంజిన్లోంచి తీసి పారబోసేదే కదా, నలుగురికి పనికొస్తే మంచిదే అనుకున్నాను. మా సీమలో నీళ్లడిగితే లేదనరు. నల్లాయిలు అడిగినా నేను లేదనలేదు. ఇప్పుడు అంటున్నాను. ఎందుకంటున్నానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

డబ్బాలోంచి పోసేటప్పుడు ఇంజిన్ ఆయిలు తేనె రంగులో ఉంటుంది. కొన్ని వందల గంటలు తిరిగాక కింద నట్టు విప్పితే తారులాగా జారుతుంది. ఆ నలుపులో డీజిల్ మసి ఉంటుంది. బేరింగులు, రింగులు అరిగి రాలిన లోహపు పొడి ఉంటుంది. ఇంధనం సరిగా కాలనప్పుడు పుట్టే పీఏహెచ్ అనే రసాయనాలు ఉంటాయి. వీటిలో కొన్ని కేన్సర్ తెస్తాయి. వాడేసిన పెట్రోల్ ఇంజిన్ ఆయిలును చుంచెలుకల చర్మానికి పదే పదే పూసి చూస్తే కేన్సర్ గడ్డలు లేచాయని ప్రయోగశాలల్లో తేలింది. కొత్త ఆయిలు వేరు, తీసిన ఆయిలు వేరు. పేరు ఒకటే కాబట్టి రెండూ ఒకటేనని మోసపోతున్నాం.

ఇది ఇవాళ కొత్తగా తెలిసిన సంగతేం కాదు. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులకు మర్మాంగం దగ్గర చర్మ కేన్సర్ వస్తోందని 1920ల్లోనే అక్కడి వైద్యులు గుర్తించారు. కదుళ్లకు పోసే నూనె చింది, యంత్రం మీదికి వంగి పనిచేసేవాళ్ల ప్యాంట్లు రోజూ తడిసేవి. ఏళ్ల తరబడి ఆ తడిగుడ్డ ఒంటికి అంటుకుని ఉండటమే రోగానికి కారణమైంది.

ఆ సంగతి చదివినప్పుడు నాకు మా షెడ్డులో పనిచేసిన ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. ఆయిలు తుడిచిన గుడ్డ ఎప్పుడూ ప్యాంటు జేబులోనే కుక్కుకునేవాడు. ఒకనాడు కుంటుకుంటూ వచ్చాడు. ఏమైందిరా అంటే సిగ్గుపడ్డాడు. చూస్తే తొడ మీద సరిగ్గా జేబు ఉన్నంత మేర నల్లటి మొటిమలు, వాటి మధ్య చీము పట్టిన గడ్డలు. చర్మం రంధ్రాలు ఆయిలుతో పూడుకుపోతే ఇట్లాగే అవుతుందని డాక్టరు చెప్పాడు. గుడ్డ జేబులో పెట్టడం మానేసి, రోజూ ఉతికిన ప్యాంటు వేసుకుంటే మెల్లగా తగ్గింది.

నా చేతులదీ అదే కథ. వేళ్ల సందుల్లో చర్మం పగిలి రక్తం కారేది. "చేతులు దేనితో కడుగుతావు?" అని ఆ డాక్టరే అడిగాడు. డీజిల్‌తో అన్నాను. మెకానిక్కులమంతా అట్లాగే కడుగుతాం. "చర్మం మీద ఉండే కొవ్వు పొరను డీజిల్ తీసేస్తుంది. తలుపు తీసిపెట్టి దొంగను పిలిచినట్టు చేస్తున్నావు" అన్నాడు. ఇప్పుడు మా షెడ్డులో గట్టు మీద చిన్న గిన్నెలో వేరుసెనగ నూనె ఉంటుంది. ముందు దానితో చేతులు బాగా రుద్దితే నల్లదనం వదులవుతుంది. పాత గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతోనో సున్నిపిండితోనో కడుక్కుంటాం. ఆయిలు దించేటప్పుడు నైట్రైల్ గ్లౌజులు వేసుకుంటాం. తిరిగే ఇంజిన్ దగ్గరికి పోయేటప్పుడు మాత్రం తీసేస్తాం, బెల్టు లాగేస్తుంది కాబట్టి. ఇంజిన్ ఆపిన వెంటనే నట్టు విప్పం. ఆయిలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుతాం. సలసల కాగే ఆయిలు మోచేతి మీద పడితే ఎట్లుంటుందో పడినవాడికే తెలుసు.

ఇదంతా మా ఒంటి సంగతి. నన్ను నిజంగా మార్చింది మాత్రం పొరుగింటి బోరు.

ఒకప్పుడు షెడ్డు వెనక గుంత తీసి, మిగిలిన ఆయిలు అందులో పోసేవాళ్లం. ఒక ట్రాక్టరుకు ఏడెనిమిది లీటర్లు, సిమెంటు, బండలు మోసే పెద్ద లారీకి పదిహేను లీటర్ల పైమాటే. గుంత ఎప్పటికీ నిండేది కాదు. భూమి తాగేస్తోందిలే అనుకున్నాం. ఒక ఏడాది వానలు బాగా పడ్డాయి. పక్కింటి అక్క బిందె పట్టుకుని వచ్చి నా ముందు దించింది. "చూడు తమ్ముడూ" అంది. నీళ్ల మీద నెమలి ఈక రంగులు తేలుతున్నాయి. "అన్నం వండితే కిరసనాయిలు వాసనొస్తోంది. పిల్లోళ్లు ముద్ద ముట్టలేదు" అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆ రోజు నుంచి ఆమె తాగే నీళ్లు వేరే చోటు నుంచి మోసుకుంటోంది. గుంత పూడ్చేశాను. బోరులోకి దిగిందాన్ని మాత్రం ఎట్లా తోడను?

మాది సున్నపురాతి నేల. బెలూం గుహలు చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. అక్కడ నేల కింద పారిన నీళ్లే రాతిని కరిగించి, మూడు కిలోమీటర్లకు పైగా దారులు తొలిచాయి. అంత పెద్దవి కాకపోయినా ఇట్లాంటి పగుళ్లు, సందులు ఇక్కడి రాతిలో చాలాచోట్ల ఉన్నాయి. ఇసుక నేల మురికిని కొంతైనా వడగడుతుంది. పగిలిన రాయి వడగట్టదు, దారి ఇస్తుంది. ఒక్క లీటరు ఆయిలు పది లక్షల లీటర్ల నీటిని పాడుచేయగలదని లెక్క చెబుతారు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే చోట, వెయ్యి అడుగుల బోరు వేసినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేని చోట, ఆ లెక్క మనకంటే ఎవరికి బాగా అర్థం కావాలి?

దోమల కోసమని మన మున్సిపాలిటీలు, పంచాయతీలు కాలువల్లో ఆయిల్ బాల్స్ వేయిస్తున్నాయి. రంపపు పొట్టును గుడ్డలో మూటగట్టి, వాడేసిన ఇంజిన్ ఆయిలులో నానబెట్టి మురుగులోకి విసురుతారు. నీటి మీద పొర కట్టి దోమ పిల్లలకు ఊపిరి ఆడకుండా చేసే మాట నిజమే. కానీ ఆ మురుగు అక్కడే ఉండిపోదు. కర్నూలు మురుగు హంద్రీలోకి, అక్కడినుంచి తుంగభద్రలోకి పోతుంది. 2009 అక్టోబరు వరదలో ఆ రెండు నదులూ కర్నూలు ఇళ్లల్లోకి వచ్చాయి. కాలువలో వేసింది నదిలోకి పోతుంది, నది ఒక్కోసారి ఇంటికే వస్తుంది. కాలువల్లో పూడిక తీయించొచ్చు. దోమ పిల్లలను చంపే బ్యాక్టీరియా మందు చల్లించొచ్చు. ఆ పనిని విషంతో చేయించొద్దు.

ఇదంతా జరుగుతున్నది చట్టం లేక కాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం, తీసిన ఆయిలు అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే పోవాలి. 2023లో వాటిని సవరించారు. 2024 ఏప్రిల్ 1 నుంచి, వాడేసిన ఆయిలును మళ్లీ శుద్ధి చేయించే బాధ్యతను ఆయిలు తయారుచేసే కంపెనీల మీద కూడా పెట్టారు. మొదటి ఏడాది 5 శాతంతో మొదలై ఏటా పెరుగుతూ 50 శాతానికి చేరాలి. మంచి పద్ధతే. మురికి తీసేస్తే ఆ నూనె మళ్లీ పనికొస్తుంది కూడా. కానీ ఆ కంపెనీల తరఫున డ్రమ్ము తీసుకుపోవడానికి మా రోడ్డు మీదికి ఇంతవరకు ఎవరూ రాలేదు. వచ్చేది బట్టీల్లో కాల్చడానికి కొనుక్కుపోయేవాళ్లే. ఆయిలును అట్లా కాలిస్తే అందులోని లోహాలు పొగలో కలిసి ఊరి మీద పడతాయి.

మొన్న ఒక పెద్దాయన ఎద్దు పుండుకని సీసాతో వచ్చాడు. లేదు పెద్దాయనా అన్నాను. మూత బిగించిన డ్రమ్ము వైపు చూసి "అంత పెట్టుకుని లేదంటావేంది నాయనా" అన్నాడు. కూర్చోబెట్టి, ఎద్దు పుండును నాకుతుందని, నాకితే ఆ విషం కడుపులోకి పోతుందని చెప్పాను. ఆయన తెచ్చింది కూల్‌డ్రింకు సీసా. ఇంట్లో మనవళ్లు ఉన్నారన్నాడు. ఆ సీసాలో నల్లగా ఏదైనా కనిపిస్తే పిల్లలు ఏమనుకుంటారో అడిగాను. ఒకవేళ తాగితే వాంతి చేయించొద్దని, ఊపిరితిత్తుల్లోకి పోతుందని, నేరుగా ఆస్పత్రికే తీసుకుపోవాలని కూడా చెప్పాను. వేపనూనె ఇచ్చి పశువుల ఆస్పత్రికి పొమ్మన్నాను.

లేచేటప్పుడు అడిగాడు: "మా ఊళ్లో ట్రాక్టర్లు పదున్నాయి. తీసిన ఆయిలు వంకలో పోస్తారు. పోయొద్దని నువ్వు చెప్తావు సరే, మరి యాడ పోయాలో ఎవరు చెప్తారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు అధికారులు ఇవ్వాలి. ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర, లారీలు ఆగే ప్రతి చోట తాళం వేసిన ఒక డ్రమ్ము పెట్టండి. దాన్ని నెలకోసారి శుద్ధి కేంద్రానికి పంపే బాధ్యత కంపెనీలతో మోయించండి. డ్రమ్ము దాకా తెచ్చి పోయించే పూచీ మాది. మా మెకానిక్కులకు నేను చెప్తాను, ఆ పెద్దాయన ఊరికి కూడా నేనే పోయి చెప్తాను.