నాన్న చూడని పట్టా

ఇంజినీరింగ్ సీటు వచ్చిందనగానే మన ఇళ్లలో ముందుగా అటకెక్కేవేమిటో తెలుసా? గిటారు, కీబోర్డు, క్రికెట్ బ్యాటు, రంగుల డబ్బాలు. 'ముందు చదువు కానీ... పట్టా చేతికొచ్చాక నీ ఇష్టం' అంటారు నాన్న. అమ్మ పైకేమీ అనదు. కానీ ఆ గిటారుకు దుమ్ము పట్టకుండా పాత చీర ముక్క ఒకటి చుట్టి మరీ అటక మీద పెడుతుంది.

ఇదేదో మన తెలుగు నాన్నలకే ఉన్న జబ్బు అనుకుంటాం. కాదు. లండన్ శివార్లలో ఫెల్తమ్ అనే ఊళ్లో ఓ నాన్న కూడా సరిగ్గా ఇలాగే అన్నాడు. తేడా అల్లా ఒక్కటే. ఆ గిటారును కొడుకు పక్కన కూర్చుని స్వయంగా తయారు చేసిందీ ఆయనే!

ఆయన పేరు హెరాల్డ్ మే. బ్రిటన్ విమానయాన శాఖలో ఎలక్ట్రానిక్స్ ఉద్యోగి. ఇంట్లో ఏది పాడైనా బాగు చేసుకోవడం, లేనిది తయారు చేసుకోవడం ఆయన అలవాటు. ఆ ఇంటి టీవీ కూడా ఆయన చేసిందే. ఒక్కడే కొడుకు... బ్రయాన్. వాడికి పదహారేళ్లప్పుడు, అంటే 1963లో, ఎలక్ట్రిక్ గిటారు మీద మనసు పడింది. దుకాణంలో దాని ధర చూస్తే నెల జీతం మీద బతికే ఇంటికి అందేది కాదు. 'కొనలేకపోతే చేసేద్దాం పద' అన్నారు తండ్రీకొడుకులు.

ఇక అక్కణ్నుంచి ఆ ఇంట్లో ఏ వస్తువుకూ భద్రత లేకుండా పోయింది. ఎవరో తీసి పారేసిన చలిమంట గూడు పైచెక్కను చెక్కి చెక్కి గిటారు మెడ చేశారు. వందేళ్లు దాటిన చెక్క అది, అక్కడక్కడా పురుగు తొలిచింది. ఆ రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. పాత ఓక్ బల్ల ముక్క గిటారు ఒంట్లోకి వెళ్లింది. తీగలను సాగదీసి వదిలే ఏర్పాటుకు పాత మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు పనికొచ్చాయి. దాని చేతి పిడి సైకిల్ సంచీ తగిలించే కమ్మీ నుంచి వచ్చింది, ఆ పిడి కొస అమ్మ స్వెటర్లు అల్లే సూది నుంచి. మెడ మీద వేళ్ల గుర్తులకు పెట్టిన తెల్లని చుక్కలేమో అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు! మొత్తం రెండేళ్లు పట్టింది. పేరు 'రెడ్ స్పెషల్'. దాన్ని వాయించడానికి బ్రయాన్ ఇప్పటికీ ప్లాస్టిక్ ముక్క వాడరు, ఆరు పెన్నీల పాత నాణెంతో మీటుతారు.

ఇంతవరకూ నాన్నకు ఏ అభ్యంతరమూ లేదు. ఉండదు కూడా. కొడుకు రంపం పట్టుకున్నా, టంకం పెట్టినా అది ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లాగే కనిపిస్తుంది కదా!

1965లో బ్రయాన్ లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్‌లో చేరాడు. మన ఐఐటీలాంటిదనుకోండి. కాలేజీ నోటీసు బోర్డులో ఓ చీటీ అంటించాడు, బ్యాండుకు డ్రమ్మర్ కావాలని. అది చూసి ఓ కుర్రాడు వచ్చాడు. పేరు రోజర్ టేలర్, చదివేది దంతవైద్యం. 'స్మైల్' అని బ్యాండు పెట్టారు. పాడేవాడు టిమ్ స్టాఫెల్ అని ఈలింగ్ ఆర్ట్ కాలేజీ విద్యార్థి. అతని స్నేహితుడొకడు వీళ్ల రిహార్సల్స్‌కు వచ్చి కూర్చునేవాడు. అతను మనకు కాస్త చుట్టమే. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ కుర్రాడు, చదువుకున్నది మహారాష్ట్రలోని పంచగనిలో హాస్టల్లో ఉండి. ఇంట్లో పెట్టిన పేరు ఫరూఖ్ బల్సారా. తర్వాత ప్రపంచమంతా ఫ్రెడ్డీ మెర్క్యురీ అని పిలిచింది.

స్మైల్ పైకి రాలేదు. స్టాఫెల్ విసుగెత్తి వెళ్లిపోయాడు. 1970లో ఫ్రెడ్డీ వచ్చి చేరాడు, బ్యాండు పేరు 'క్వీన్' అయింది. మరుసటి ఏడాది బేస్ గిటారు వాయించడానికి జాన్ డీకన్ వచ్చాడు. ఇతనేమో ఎలక్ట్రానిక్స్ విద్యార్థి. ఎంత బుద్ధిమంతుడంటే అదే ఏడాది ఫస్ట్‌క్లాసులో పాసయ్యాడు. రోడ్డు పక్క చెత్త తొట్టిలో దొరికిన సర్క్యూట్ బోర్డును ఇంటికి పట్టుకొచ్చి, ఓ చిన్న స్పీకర్ పెట్టెలో అమర్చి ఆంప్లిఫయర్ చేశాడు. క్వీన్ పాటల్లో పెద్ద వాద్యబృందం వాయిస్తోందని మనం అనుకునే కొన్ని చోట్ల వినిపించేది నిజానికి ఆ చెత్త తొట్టి పెట్టెలోంచి వచ్చిన గిటారు చప్పుడే. చదువు సరదాను మింగేస్తుందని మనం భయపడతాం. ఇక్కడ సరదాయే చదువును వాడుకుంది.

ఫిజిక్సు, పళ్ల డాక్టరీ, బొమ్మలు, ఎలక్ట్రానిక్స్... నలుగురూ కాలేజీ కుర్రాళ్లే. తల్లిదండ్రుల సమావేశం పెడితే నాలుగు కుటుంబాలూ ఒకే ఫిర్యాదు చేసి ఉండేవి.

బ్రయాన్ 1968లో డిగ్రీ పూర్తిచేసి అక్కడే పీహెచ్‌డీకి చేరాడు. విషయం కాస్త విచిత్రమైనది... అంతరిక్షంలోని దుమ్ము. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే తలంలోనే సన్నని ధూళి కూడా పరుచుకుని ఉంటుంది. తోకచుక్కలు రాల్చినది కొంత, గ్రహశకలాలు ఢీకొని పొడి అయినది కొంత. దాని మీద ఎండ పడితే చీకటి ఆకాశంలో పలచని వెలుగు కనిపిస్తుంది. దాన్నే రాశిచక్ర కాంతి అంటారు. తెల్లవారుజామున తూర్పున కనిపించే ఈ వెలుగును చూసి తెల్లారిందని పొరబడేవారు. ముస్లింలు దీన్ని 'సుబహ్ కాజిబ్' అంటారు, అంటే అబద్ధపు వేకువ.

ఆ దుమ్ము ఎటు కదులుతోంది? గ్రహాలతోపాటే తిరుగుతోందా, ఎదురు నడుస్తోందా? ఇదీ బ్రయాన్ ప్రశ్న. ప్లాట్‌ఫాం మీద నిలబడితే మన వైపు వచ్చే రైలు కూత సన్నగా, దూరమయ్యే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది కదా. వెలుగుకూ అలాంటి గుణమే ఉంది. ఆ దుమ్ము నుంచి వచ్చే కాంతిలో మెగ్నీషియం మూలకం గీసే గీత ఒకటుంటుంది. అది ఎంత పక్కకు జరిగిందో కొలిస్తే దుమ్ము వేగం తెలుస్తుంది. వినడానికి తేలికే. చేయడానికి స్పెయిన్‌వాళ్ల టెనెరిఫె దీవిలో కొండ మీద చలిలో రాత్రిళ్లు కూర్చోవాలి. కూర్చున్నాడు. 1972లో 'నేచర్' పత్రికలో పరిశోధన పత్రం అచ్చయింది. ఆ తర్వాత మరొకటి. మధ్యలో ఖర్చులకు ఓ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పాడు. మిగిలిన సమయం గిటారుకు.

1973లో క్వీన్ తొలి ఆల్బమ్ వచ్చింది. 1974 వచ్చేసరికి థీసిస్ దాదాపు పూర్తయింది. ఇంకొన్ని నెలలు కూర్చుంటే డాక్టర్ బ్రయాన్ మే! సరిగ్గా అప్పుడే బ్యాండుకు పర్యటనల మీద పర్యటనలు. ఏదో ఒకటి వదలాలి. థీసిస్ కట్టను పక్కన పెట్టేశాడు.

నాన్న గుండెలో రాయి పడింది. ఆయన తనకు లేని చదువును కొడుక్కు చెప్పించాలని ఎన్నో వదులుకున్న మనిషి. అంతా అయ్యాక, ఒడ్డుకు చేరే ముందు, వీడు దూకేస్తానంటాడేమిటి? తండ్రీకొడుకుల మధ్య కొన్నాళ్లు సరిగా మాటల్లేవు. గిటారు చేసిన చేతులే అవి. అయినా కాలేజీ కుర్రాడి సరదాకు తోడు నిలవడం వేరు, ఆ సరదానే వాడి బతుకవుతుందంటే ఒప్పుకోవడం వేరు.

నన్నడిగితే హెరాల్డ్‌గారిది తప్పని అననేను. తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు కాబట్టి ఆయనది అనవసర భయం అనిపిస్తుంది. 1974లో ఆయనకు ఏం తెలుసు? 'బొహీమియన్ రాప్సొడీ' రావడానికి ఇంకా ఏడాది ఉంది. లండన్ నిండా గిటార్లు భుజాన వేసుకున్న కుర్రాళ్లు. వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు? అదే స్మైల్ బ్యాండులో పాడిన స్టాఫెల్ పేరు మీరు ఈ వ్యాసంలోనే మొదటిసారి విని ఉంటారు. గెలిచినవాడి కథ చెప్పి పిల్లలను చదువు మానేయమనడం ఎంత అన్యాయమో, అదే కథ విని 'వాడంటే అదృష్టవంతుడు' అని గిటారును అటకెక్కించడమూ అంతే.

మన దగ్గరా ఇలాంటి కథ లేకపోలేదు. అనంతపురంలో ఇంజినీరింగులో చేరి, జబ్బుపడి మానేసి, మద్రాసులో ఏఎంఐఈ చదువుతూ పాటల పోటీల్లో పాడిన ఓ నెల్లూరు కుర్రాడు 1966లో కోదండపాణిగారి సంగీతంలో తొలి సినిమా పాట పాడాడు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఇంజినీరు కాలేదని ఇవాళ బాధపడేవాళ్లు మన రాష్ట్రాల్లో ఎవరైనా ఉంటారా? అయితే బాలుగారికి ఇంట్లోనే హరికథ వినిపించే నాన్న సాంబమూర్తిగారున్నారు. హెరాల్డ్‌గారికి పాట అంటే సరదాయే కానీ దానితో ఇల్లు గడిచిన అనుభవం లేదు.

ఇంతకీ ఆ అలక ఎలా తీరింది? 1970ల చివర క్వీన్ న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీ చేసింది. బ్రయాన్ అమ్మానాన్నలను అక్కడికి పిలిపించాడు. అదీ కాంకార్డ్ విమానంలో! మబ్బులూ మంచూ ఉన్నా కాంకార్డ్‌ను నేలకు దించే పరికరాల మీద పనిచేసిన ఉద్యోగుల్లో హెరాల్డ్ ఒకరు. కానీ ఆ విమానం ఎక్కే స్తోమత ఎన్నడూ లేదు. కొడుకు ఎక్కించాడు. ఆ రాత్రి వేలమంది కేరింతల మధ్య, కుట్టుపెట్టె గుండీలున్న ఆ గిటారును విన్నారాయన. కచేరీ అయ్యాక కొడుకు చెయ్యి పట్టుకుని ఇప్పుడు నాకు అర్థమైందన్నారట. బ్రయాన్ ఈ సంగతి చాలాసార్లు చెప్పుకొన్నారు. నాన్నలు ఇంతకన్నా ఎక్కువ మాట్లాడరు లెండి.

హెరాల్డ్ మే 1988లో కన్నుమూశారు. మూడేళ్లకు, 1991లో, ఫ్రెడ్డీ పోయాడు. థీసిస్ కట్ట మాత్రం ఇంట్లో అలాగే ఉంది.

2006లో బ్రయాన్ ఆ కట్ట విప్పారు. అప్పటికి ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. ఇంపీరియల్ కాలేజీలో మళ్లీ పేరు నమోదు చేయించుకున్నారు. ఖగోళ శాస్త్రవేత్త మైకేల్ రోవన్ రాబిన్సన్ గైడుగా ఉన్నారు. ముప్పై ఏళ్ల నాటి పరిశోధన ఇంకా పనికొస్తుందా అని మీకు సందేహం రావచ్చు. ఇక్కడ ఆయనకు అదృష్టం కలిసొచ్చింది. ఆ ముప్పై ఏళ్లలో ఈ దుమ్ము సంగతి పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. మిగతా నక్షత్రాల చుట్టూ గ్రహాలు కనిపించడం మొదలయ్యాక, అక్కడి దుమ్ము గురించి తెలియాలంటే ముందు మన దుమ్ము గురించి తెలియాలి కదా అని మళ్లీ ఆసక్తి పుట్టింది. టెనెరిఫె కొండ మీద కొలిచిన లెక్కలకు విలువ పోలేదు. అలాగని పాత కాగితాలకు కొత్త అట్ట వేసి ఇచ్చేయలేదు. మధ్యలో వచ్చిన పరిశోధనలన్నీ చదివి, అధ్యాయాలు చేర్చి, 2007 ఆగస్టులో సమర్పించారు. పరీక్షకుల ముందు కూర్చుని జవాబులు చెప్పి పాసయ్యారు. 2008 మేలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో గౌను వేసుకుని, కుర్రాళ్లతోపాటు వరసలో నిలబడి పట్టా అందుకున్నారు.

నాన్న పోయి అప్పటికి ఇరవై ఏళ్లు.

బ్రయాన్‌కు చిన్నప్పుడు ఇంకో పిచ్చి కూడా ఉండేది. పొద్దుటి ఫలహారం అట్టపెట్టెల్లో వచ్చే జంట బొమ్మల కార్డులు పోగుచేయడం. రెండు కళ్లతో రెండు బొమ్మలు చూస్తే ఒకటే బొమ్మ లోతుగా, ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ సరదాకు ఏ నాన్నా అడ్డుచెప్పడు, ఖర్చు లేదు కాబట్టి. అదీ వృథా పోలేదు. బెన్ను అనే గ్రహశకలం దగ్గరికి నాసా పంపిన ఒసైరిస్ రెక్స్ నౌక తీసిన ఫొటోలను ఆయన అలాంటి జంట బొమ్మలుగా మార్చి ఇచ్చారు. ఎక్కడ దిగితే బండరాళ్లకు కొట్టుకోకుండా మట్టి తీయవచ్చో తేల్చుకోవడానికి శాస్త్రవేత్తలకు అవి సాయపడ్డాయి. 2020లో తీసిన ఆ మట్టి 2023 సెప్టెంబరు 24న అమెరికాలోని యూటా ఎడారిలో దిగింది.

అన్నట్టు, బ్రయాన్ కొలిచిన ఆ వెలుగును చూడటానికి టెనెరిఫె దాకా వెళ్లక్కర్లేదు. మనలాంటి వేడి దేశాల్లో అది ఇంగ్లండులోకన్నా బాగా కనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమావాస్య రోజుల్లో ఊరి దీపాలకు దూరంగా, నల్లమల అంచుల్లాంటి చోటికి పిల్లలను తీసుకెళ్లండి. పొద్దుగూకిన గంటన్నరకు పడమర వైపు చూడండి. నేల నుంచి పైకి లేచిన పలచని తెల్లని త్రికోణం... పాలపుంత కాదు, ఊరి దీపాల కాంతీ కాదు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అందాకా సెల్‌ఫోన్లు జేబుల్లోనే ఉంచుకోమనండి. మీ అబ్బాయి గిటారు తెస్తానంటే తెచ్చుకోనివ్వండి.