మాగాణికి మార్కులు

పిల్లలకే కాదు, పొలాలకూ మార్కులు వేస్తారు! అమెరికా వ్యవసాయ శాఖ 1981లో ఇందుకో పద్ధతి తయారుచేసింది. నేల సారానికి కొన్ని మార్కులు. నీటి వసతి, చుట్టుపక్కల సేద్యం, పట్నం ఎంత దగ్గరికొచ్చింది... వీటికి మరికొన్ని. మొత్తం కూడితే ఏ పొలాన్ని ముందు కాపాడుకోవాలో తేలుతుంది.

ఇప్పుడా లెక్క కంప్యూటర్ మ్యాపుల మీద చేస్తున్నారు. దాన్నే జీఐఎస్ అంటారు. పల్చటి కాగితాలను ఒకదానిపై ఒకటి పరిచినట్టే. ఒకదానిమీద నేలలు, ఇంకోదానిమీద చెరువులు, కాలువలు, మూడోదానిమీద రోడ్లు, వెంచర్లు. అన్నీ కలిపి చూస్తే విలువైన సాగుభూమి ఎక్కడుందో, దానికి ముప్పు ఎటునుంచి వస్తోందో కనిపిస్తుంది. సరంజామా మనకూ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం చిత్రాలతో ఇస్రో 2009లో 'భువన్' పోర్టల్ తెచ్చింది. సర్వే నంబర్లతో గ్రామ నక్షాలు ఎలాగూ ఉన్నాయి.

వరంగల్‌కు ఈ లెక్క మరీ అవసరం. నేల వాలు చూసి చెరువు, చెరువు కింద మాగాణి... కాకతీయుల కాలం నుంచీ ఇక్కడి అమరిక ఇదే. 13వ శతాబ్దంలో కట్టిన పాకాల, రామప్ప చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. ఆయకట్టు ప్లాట్లయితే పోయేది పంట ఒక్కటే కాదు. తూముతో పని ఉండదు, కాలువను పట్టించుకునేవారుండరు. వాననీరు తన దారి తాను వెతుక్కుంటుంది. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీలు ఎలా మునిగాయో జనం మరిచిపోలేదు. అందుకే ఇక్కడ మార్కులు వేస్తే చెరువు కింది తరి పొలానికే పెద్దపీట వేయాలి.

ఔటర్ రింగ్ రోడ్డు వెంట 27 గ్రామాల్లో 21 వేలకు పైగా ఎకరాలను సమీకరించాలని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ తలపెట్టింది. పచ్చని పొలాలు ఇవ్వబోమని రైతులు రోడ్డెక్కారు. 2022 మేలో ఆ ప్రతిపాదన రద్దయింది. పొలం విలువ చెప్పడానికి రైతు రోడ్డెక్కాల్సి రావడమే అసలు బాధ. ఏ సర్వే నంబరుకు ఎన్ని మార్కులో గ్రామసభలో ముందే గోడకు అంటిస్తే, మాట్లాడుకోవడానికి ఇద్దరి ముందూ ఒకే కాగితం ఉంటుంది.

అలాగని మ్యాపు చెప్పిందే వేదం కాదు. లిస్-3 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం. అంటే సుమారు అయిదున్నర గుంటలు. అరెకరం రైతు బతుకంతా అందులో నాలుగు చుక్కలు! బీడు కనిపిస్తే నీళ్లు లేక పడిందో, ఎవరో కొని వదిలేశారో ఆకాశం నుంచి తెలియదు. అది చెప్పాల్సింది ఊళ్లో రైతు, చెరువు మీది నీరటి. వాళ్లతో గట్ల వెంట నడిచాకే మార్కులు ఖరారు చేయాలి.

అదీ పొలంలో హద్దురాళ్లు పాతకముందే. పాతాక ఎన్ని మార్కులు వేసినా ఆ మడిలో మళ్లీ నాటు పడదు.