కార్డు ఒక్కటే అనుకుంటే పొరపాటు

ఈరోజు మిరప రేటు గురించి కాదు, మావాడి కంప్యూటర్ గురించి రాస్తున్నా. ఇంట్లో చదువుకునే పిల్లలున్నోళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

కరోనా టైములో ఆన్‌లైన్ క్లాసులకని కంప్యూటర్ కొనిచ్చా. అందులో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉంది. గేముల్లో బొమ్మలు గీసే పనంతా ఆ కార్డుదే. సంక్రాంతికి హాస్టల్ నుంచి వచ్చి, "నాన్నా, కొత్త ఇండియానా జోన్స్ గేమ్ దీంట్లో ఆడటం కుదరదు, కార్డు మార్చాలి" అన్నాడు. సాకులు చెప్తున్నాడనుకున్నా. కూర్చోబెట్టి అడిగితే నిజమే. 2024 డిసెంబరులో వచ్చిన ఆ గేమ్‌కి రే ట్రేసింగ్ చేసే కార్డే కావాలి. అంటే వెలుగు ఎటు పడి ఎటు మళ్లుతుందో అప్పటికప్పుడు లెక్కగట్టేది. మావాడి కార్డులో ఆ భాగమే లేదు. కనీసం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్, 16 జీబీ ర్యామ్, 120 జీబీ జాగా ఉన్న ఎస్ఎస్‌డీ ఉండాలట.

పెద్ద రోటవేటర్ కొనేముందు మన ట్రాక్టర్ ఎన్ని హెచ్‌పీయో చూసుకోమా? ఇదీ అంతే. 1650 తినేది 75 వాట్లు, బోర్డు నుంచే తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, విడిగా కేబుల్ ఇవ్వాలి. మా పవర్ సప్లైకి ఆ కేబులే లేదు. ర్యామ్ 8 జీబీయే. డిస్కు పాతది. సన్యాసి గోచీ కథే! ఎలుకకి పిల్లి, పిల్లికి పాలు, పాలకి ఆవు. పైగా 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకే పోతున్నాయి. షాపతను కాగితం మీద వేసిచ్చిన లెక్క 55 వేలు దాటింది. గేమ్ డబ్బులు వేరే. ఇక్కడ కోతలు మొదలయ్యాయి, కూలీలకు రోజూ చేతిలో డబ్బు ఆడాలి.

నాకు కోపం మావాడి మీద కాదు. ఆ కార్డు పాడవలేదు, జీటీఏ 5 ఇప్పటికీ సాఫీగా నడుస్తోంది. రే ట్రేసింగ్ ఒక్కటే పెట్టుకుంటే వెలుగులన్నీ ముందే దిద్దే పని గేమ్ తయారుచేసేవాళ్లకి తగ్గుతుందట. వాళ్లకి కూలి మిగిలింది, ఖర్చు మన జేబుకి వచ్చింది. బొమ్మ నాణ్యత తగ్గించైనా పాత కార్డులో ఆడనివ్వాలి కదా.

ఇదే మాట మావాడితో అంటే, "పాత స్ప్రేయర్ బాగానే ఉన్నా పోయినేడు బ్యాటరీది కొన్నావుగా నాన్నా" అన్నాడు. ఏం చెప్పను!

చివరికి ఎస్ఎస్‌డీ ఒక్కటి వేయించా. అది చదువుకీ పనికొస్తుంది, కంప్యూటర్ చప్పున ఆన్ అవుతోంది. కార్డు సంగతి కాయ అమ్మాక చూద్దామన్నా. మూతి ముడుచుకునే బస్సెక్కాడు.

మీ ఇళ్లల్లో ఎవరైనా కార్డు మార్చి ఉంటే, దాంతోపాటు ఇంకేం మార్చాల్సొచ్చిందో, మొత్తం ఎంతైందో కింద రాయండి. కార్డు రేటు ఒక్కటే చెప్పొద్దు.