వస్తుగుణము స్థిరమైనదా?

పదార్థముల గుణములను పట్టికలుగా వ్రాయించి కంఠస్థము చేయించు నాచారము మన పాఠశాలలలో చిరకాలమునుండి యున్నది. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడునొద్ద మరుగునని విద్యార్థి వ్రాయును. పూర్తి మార్కులు పొందును. ఎత్తైన కొండమీఁద నంతకంటె తక్కువ వేఁడిమికే నీరు మరుగునని యతనికిఁ దోఁచదు. గుణమును నేర్పి, అది నిలుచు పరిస్థితిని నేర్పకుండుట సగము విద్యయే యని నా యభిప్రాయము. స్ఫటికములకు సంబంధించిన యొక వృత్తాంతము దీనిని చక్కఁగా స్థాపింపఁగలదు.

కొన్ని స్ఫటికములలో ధనావేశము లొకవైపునకును, ఋణావేశములు వేఱొకవైపునకును తమంతఁ దామే కొంచెము జరిగియుండును. వెలుపలినుండి విద్యుద్బలమును ప్రయోగించినచో నీ దిశ తలక్రిందగును. బలమును తీసివేసినను అట్లే నిలుచును. వీనిని ఫెర్రోయెలెక్ట్రిక్ పదార్థము లందురు. ఈ పేరున ఇనుమును దెలుపు మాట యున్నను, ఇనుప అయస్కాంతముతోడి పోలికచేతనే యా పేరు వచ్చెను. ఈ ధర్మమును 1920లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జోసెఫ్ వలాసెక్ రోషెల్ లవణమునందుఁ గనుఁగొనెను.

స్ట్రాన్షియము టైటనేటు అను శుద్ధ స్ఫటికమున కీ గుణము లేదు. ఎంత చల్లార్చినను రాదు. అయినను 2004లో డారెల్ ష్లోమ్ మున్నగు పరిశోధకులు దానిని డిస్ప్రోసియము స్కాండేటు అను వేఱొక స్ఫటికముపై మిక్కిలి పలుచని పొరగాఁ బెంచిరి. గీతల కాగితముపై వ్రాయు బాలుఁడు గీతల యెడము ననుసరించినట్లు, పొరలోని పరమాణువులు క్రింది స్ఫటికపు పరమాణువుల యెడము ననుసరించును. అందుచే పొర నూటికి సుమారొకవంతు సాగెను. ఆ స్వల్పవికృతిచేతనే సామాన్యమగు గది వేఁడిమియందు దానికి ఫెర్రోయెలెక్ట్రిక్ గుణ మలవడెను. పదార్థ మదియే, పరమాణువుల యెడము మాత్రము మాఱెను.

ఆ సంవత్సరముననే బేరియము టైటనేటు పొరను ఇట్లే నొక్కి పెంచఁగా, సామాన్యముగా 120 డిగ్రీల ప్రాంతమున నశించు నా గుణము దానికంటె దాదాపు 500 డిగ్రీలు మించిన వేఁడిమివఱకు నిలిచెను. విద్యుత్ప్రవాహ మాగినను సమాచారమును నిలుపుకొను కొన్ని యుపకరణములలో సీసముగల స్ఫటికములను వాడుదురు. సీసము విషము. సీసము లేని పదార్థమునే వికృతిచే నా పనికి తగినదిగాఁ జేయవచ్చునను ఆశ యీ పరిశోధనమువలనఁ గలిగెను.

అయితే వికృతి యెల్లప్పుడును మేలు చేయునని తలఁపరాదు. పొర మందమైనకొలఁది పరమాణువుల వరుసలు తప్పి బిగువు సడలును. బేరియము టైటనేటు పొరను నొక్కినచో ధ్రువదిశ పొరకు లంబముగా నిలుచును. స్ట్రాన్షియము టైటనేటు పొరను సాగఁదీసినచో పొరవెంబడి పరుండును. ఎంత, ఏ దిక్కున అనునదియే ముఖ్యము. కావున కష్టములన్నియు మేలేయను నీతి నిందుండి తీయుట తగదు.

ఇంత శాస్త్రము బాలబాలికల కేల యని కొంద ఱడుగవచ్చును. ఈ పొరల సంగతిని ఉన్నతపాఠశాలలో బోధింపవలెనని నేను కోరుట లేదు. గుణమును చెప్పునపు డెల్ల 'ఏ వేఁడిమియందు, ఏ యొత్తిడియందు, ఏ రూపమున?' అను ప్రశ్నను చేర్పవలెనని ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను వేడుచున్నాను. విద్యార్థులారా, మీరును పాఠ్యపుస్తకపు అంచున నీ ప్రశ్నను వ్రాసికొనుఁడు. స్ట్రాన్షియము టైటనేటునకు 'ఈ గుణము లేదు' అని విని యూరకుండక, 'ఎప్పుడు లేదు?' అని యడిగినవారికే యది తన శక్తిని చూపెను.